ఎడమ చెవి పక్కన ఏడు పాములు

మొన్న ఆదివారం నా మనవరాలు స్రవంతి నన్ను సినిమాకు తీసుకుపోయింది. నేను మొదట రానన్నాను. నాకు మోకాళ్ళ నొప్పి. పైగా ఆ మాల్‌లో కదిలే మెట్లను చూస్తే, వాటిమీద కాలు పెట్టాలో, చెప్పులు చేతపట్టుకుని వెనక్కి తిరగాలో తెలియదు. సినిమాలు టీవీలో వస్తాయి. మంచం మీద కూర్చుని చూడవచ్చు, మధ్యలో లేచి పొయ్యి మీది గిన్నె దించి రావచ్చు. ఇబ్రహీంపట్నం నుంచి అంత దూరం ఎందుకని అడిగితే పిల్ల మూతి ముడుచుకుంది. "నువ్వు రాకుంటే నేనెవలకు సూపెట్టుకోవాలె అమ్మమ్మా?" అన్నది. ఆ మాటకు లేచి పెట్టెలోంచి మంచి చీర తీశాను.

స్రవంతి నా కూతురి కూతురు. హైదరాబాద్ పట్నంలో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో పని చేస్తుంది. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని, లేనివాటిని ఉన్నట్టు చేయడం ఆ పని. విదేశాల వాళ్ళు సినిమా తీసి, అందులో రాక్షసులను, రెక్కల గుర్రాలను, మబ్బుల మీద నడిచే దేవుళ్ళను అతికించి ఇమ్మని ఇక్కడికి పంపుతారట. ఈ సినిమా గ్రీకు దేశపు పురాణం. అందులో ఒక ఆడమనిషికి వెంట్రుకలకు బదులు పాములుంటాయి. ఆమె కళ్ళలోకి చూసినవాళ్ళు రాయి అయిపోతారు. ఆ పాములన్నీ నువ్వే చేశావా అని అడిగాను.

"అన్ని కాదు. ఎడమ చెవి పక్కన ఏడు పాములు నావి. ఎనిమిది నెలలు వట్టింది."

"ఎనిమిది నెలలకు ఏడేనా? నిజం పాము గూడ గంతకంటె జల్ది పిల్లల్ని జేస్తది గదనే!"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కారు బొంగులూరు గేటు దాటాక అసలు సంగతి చెప్పింది. సినిమా అయిపోయాక చివర, పని చేసిన వాళ్ళ పేర్లు, ఏ ఊళ్ళో చేసినవాళ్ళవి ఆ ఊరి పేరు కింద, తెర మీద వేస్తారట. పోయిన సినిమాకు పేరు వేస్తామని చెప్పి వేయలేదు. ఈసారి కూడా వేస్తామన్నారు. "ఈసారి గూడ లేకుంటే ఈ పని ఇడిసిపెడత. మల్ల ముట్టను," అన్నది.

"పేరు లేకుంటే జీతం ఇయ్యరా ఏంది?"

"ఇస్తరు. గాని గవి నేను జేసిన అని ఎవలకు తెల్సు?"

ఈ ప్రశ్నకు జవాబు మా నాయనకు, మా బాపుకు తెలుసు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పాముల తల కూడా నాకు కొత్తది కాదు. ఆమెను నేను పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే చూశాను, ఇబ్రహీంపట్నంలోనే, సంత జరిగే జాగా పక్కన వేసిన డేరా టాకీసులో. ఆ సినిమాకు మా బాపు కథ చెప్పాడు. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాయడం నేర్చిందే యాభై దాటిన తర్వాత గనుక, రాయవలసినవి చాలా మిగిలిపోయాయి.

మాది పటం కథ చెప్పే ఇల్లు. పటం అంటే రెండు మూరల వెడల్పున, ఇంటి వాకిలి నుంచి బజారు దాకా పరిస్తే ఇంకా మిగిలే బట్ట. దాని మీద ఒకదాని కింద ఒకటిగా బొమ్మలు. రెండు గుంజలు పాతి, అడ్డకర్రకు పటం వేలాడదీసి, బాపు కట్టెతో ఒక్కొక్క బొమ్మను చూపుతూ కథ చెప్పేవాడు. ఒక బొమ్మ కథ అయిపోతే పైనుంచి చుట్టి కింది బొమ్మను తెరిచేవాడు. నేను, నన్ను కన్న అవ్వ తాళాలు పట్టుకుని వంత పాడేవాళ్ళం. మా ఇంట్లో ఎప్పుడూ ఆ పటం వాసనే. బట్టకు పూసిన చింతగింజల అంబలి, సుద్ద, జిగురు, ఏళ్ళ తరబడి పట్టిన సాంబ్రాణి పొగ కలిసిన వాసన. ఎలుకలకు ఆ అంబలి అంటే ప్రాణం. అందుకని పటాన్ని దూలానికి వేలాడగట్టి, దాని కిందనే బాపు పడుకునేవాడు. కథ ఉన్న రోజు పొద్దుటి నుంచి ఆయన అన్నం ముట్టడు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, కట్టెను కడిగి పసుపు రాసి ఎండలో పెట్టి దాని పక్కనే కూర్చునేవాడు. మా అవ్వ జొన్న గటక వండి మూత పెట్టి, ఆయన వచ్చేదాకా తనూ తినేది కాదు, నన్ను తిననిచ్చేది కాదు. ఆకలికి నేను ఆ కట్టెను తిట్టుకున్న రోజులున్నాయి.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. కథ ముగిశాక పటం వెంటనే చుట్టడు. ఆ ఊళ్ళో గింజలు పెట్టిన వాళ్ళ పేర్లు, ఇంటింటి పేరున, ఒక్కటి మరవకుండా పిలిచి దీవించాలి. అక్షరం ముక్క రాదు, అయినా ఒక్క పేరు తప్పేది కాదు. ఆఖరి పేరు పలికేదాకా జనం లేవకూడదు. ఎవరైనా దుప్పటి దులుపుకుంటూ లేస్తే, "కూసో రాజా, పేరు వలుకంది పటం సుట్టద్దు" అని ఆపేవాడు. పిలిచే పేర్లన్నీ ఇంటి పెద్దలవి, మగవాళ్ళవి. నా పేరు, అవ్వ పేరు అందులో ఏనాడూ రాలేదు. రావాలని మేమూ అనుకోలేదు.

తర్వాత ఊళ్ళు పిలవడం తగ్గించాయి. సంత పక్కన డేరా టాకీసు వచ్చాక, సగం పటం కూడా తెరవకముందే జనం లేచి అటు పోయేవారు. ఆ ఎండాకాలం ఒక్క ఊరు కూడా పిలవలేదు. బాపు రావిర్యాల దిక్కు కంకర కొట్టే పనికి పోతానన్నాడు. కంకర దుమ్ము గొంతులోకి పోతే మళ్ళీ పాట రాదని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. అవ్వ ఆ మాట విన్న రోజు దూలానికున్న పటం దించి, ఎండలో పరిచి, దుమ్ము దులిపి మళ్ళీ కట్టింది.

అట్లాంటప్పుడు టాకీసు మేనేజరు మా గుడిసెకు వచ్చాడు. సుబ్బారాయుడు గారని, కోస్తా మనిషి, తెల్ల పంచె, చేతిలో ఎప్పుడూ విసనకర్ర. రావలసిన తెలుగు బొమ్మ రాలేదట, దాని బదులు ఇంగ్లీషు బొమ్మ పెట్టె వచ్చిందట. దేవుళ్ళు, రాక్షసులు, కత్తియుద్ధాలు, అన్నీ ఉన్నాయి, కానీ మాట అర్థంకాక జనం సగంలో లేచిపోతున్నారట.

"నువ్వు కథలు చెప్తావంటగా మల్లయ్యా. తెర పక్కన నిలబడి ఈ కథ చెప్పవయ్యా. మూడు ఆటలు చూస్తాను. మూడోనాటికి జనం కూర్చుంటే, ఇంగ్లీషు బొమ్మ వచ్చినప్పుడల్లా నువ్వే. లేకపోతే నీ దారి నీది, నా దారి నాది," అన్నాడు.

బాపు ఒప్పుకున్నాడు. మేనేజరు కాగితం చూసి కథ చదివితే ఒక్కసారి విని గుర్తుపెట్టుకున్నాడు. పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలేసిన తల్లీ బిడ్డా, ఆ బిడ్డ పెద్దవాడై పాముల తల కోసం పోవడం, రెక్కల గుర్రం, బండకు కట్టేసిన రాజు కూతురు, ఆమెను మింగడానికి సముద్రంలోంచి లేచే భూతం. మిషన్ నడిపే జహంగీర్ భాయ్ ఫిలిం చుట్ట నుంచి మూరెడు విప్పి ఎండకు పట్టి చూపాడు. ఒకదాని కింద ఒకటి చిన్న చిన్న బొమ్మలు. బాపు ముఖం వెలిగిపోయింది. "ఇది పటమే గదనే బిడ్డా! జర శిన్నగున్నది, గంతే!" అన్నాడు.

ఆ మాటే కొంప ముంచింది. పటం చెప్పేవాడి కోసం ఆగుతుంది. ఆయన పుట్టిన దగ్గర్నుంచి బొమ్మలు ఆయన కోసం ఆగుతూనే ఉన్నాయి. మొదటి ఆటలో అలవాటు ప్రకారం గణపతిని, శారదను, ఊరి దేవతలను తలచి పాడుతుంటే, తెర మీద పెట్టె సముద్రంలో పడి, ఒడ్డుకు చేరి, అందులోని పిల్లవాడు గడ్డం మొలిచి కత్తి పట్టాడు. బాపు రెక్కల గుర్రాన్ని వర్ణించడం మొదలుపెట్టేసరికి గుర్రం వెళ్ళిపోయి తెర నిండా సముద్రం వచ్చింది. ఆయన కట్టె ఎత్తి మిషన్ వైపు చూస్తూ "ఆగు, జర ఆగు!" అన్నాడు. డేరా అంతా నవ్వులు.

"ఓ తాతా! గుర్రం ఎప్పుడో పాయె. ఇంక దాణా పెడుతున్నవా?" అని ఒకడు అరిచాడు.

"బొమ్మ ఆగదయ్యా మల్లయ్యా! నువ్వే పరిగెత్తాలి!" అని మేనేజరు తల పట్టుకున్నాడు.

రెండో ఆటకు బాపు పరిగెత్తాడు. ప్రార్థన మానేశాడు. పాట లేదు, రాగం లేదు, వడగళ్ళు పడ్డట్టు మాటలు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అది చాలదన్నట్టు, పాముల తల ఆమె తెర మీదికి రాగానే ఆయన నోట "అమ్మా ఎల్లమ్మా, నాగుల తల్లీ" అని వచ్చింది. ఆయన తప్పు లేదు, పాములు చుట్టుకున్న ఆడమనిషిని మేము ఇంకేమని పిలుస్తాం? ముందు వరుసలో ఆడవాళ్ళంతా చెంపలు వేసుకుని దండం పెట్టారు. పెట్టిన చేతులు దించకముందే ఆ కత్తివాడు ఆమె తల నరికాడు.

"ఏందిర ఇది! తల్లి తల నరికినోన్ని పట్కొని వీరుడంటవా?" అని ఒక ముసలమ్మ లేచి కొంగు దులుపుకుంది. ఆమె వెనక ఆడవాళ్ళందరూ లేచారు. ఆడవాళ్ళు పోతే పిల్లలు పోయారు, పిల్లల కోసం మగవాళ్ళు పోయారు. బండకు కట్టేసిన రాజు కూతురి గతి ఏమైందో చూడడానికి నేను, బాపు, బఠానీలు అమ్మేవాడు మిగిలాం.

మరునాడు పొద్దున బాపు కరక్కాయ బుగ్గన పెట్టుకోలేదు. కట్టె కడగలేదు. అవ్వ పెట్టిన గటక తిన్నాడు. అది చూసి అవ్వకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కథ ఉన్న రోజు ఆయన తినడం మేమెప్పుడూ చూడలేదు. మా ఇళ్ళలో వంత పాడేవాళ్ళు కథకుడికి కథ చెప్పకూడదు. అడిగితేనే మాట్లాడాలి. నాకు ఆ భయం ఉంది, కానీ కంకర దుమ్ము భయం అంతకంటే పెద్దది.

"బాపూ, బొమ్మ ఆగదు అంటుండ్రు గాని, ఆగుతది," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

"మిషన్ ఒక్కటే ఉన్నది. ఒక సుట్ట అయిపోయినంక భాయ్ ఇంకో సుట్ట ఎక్కిస్తడు. గప్పుడు లైట్లు ఏస్తరు. జనం ఊకెనే కూసోని బఠానీలు తింటరు. బొమ్మ నీ కోసం ఆగేది గప్పుడే. గప్పుడు నువ్వు ముందట రాబొయ్యే కథ జెప్పు. బొమ్మ వచ్చినంక దాని తోవన దాన్ని పోనియ్యి."

బాపు తల ఎత్తి నన్ను చూశాడు. కోపమనుకుని అవ్వ పక్కకు జరిగాను. ఆయన నోట్లో గటక మింగి, కంచం పక్కకు నెట్టి, "కట్టె యాడ వెట్టినవే?" అని అవ్వను అడిగాడు. అవ్వ పరిగెత్తుకుంటూ పోయి కట్టె తెచ్చింది. పసుపు తానే రాసింది.

మూడో ఆటకు నేను మిషన్ పక్కన నిలబడ్డాను. చుట్ట అయిపోవస్తుంటే జహంగీర్ భాయ్ కన్ను గీటేవాడు, నేను తాళం కొట్టేదాన్ని. లైటు రాగానే బాపు తెర ముందుకు వచ్చేవాడు. ఖాళీ తెల్ల తెర మీద కట్టె పెట్టి, అక్కడ బొమ్మ ఉన్నట్టే చూపుతూ, రాగం తీసి, రాబోయేదంతా చెప్పేవాడు. లైటు ఆరాక ఆయన చెప్పినదే కదిలి వచ్చేది. జనం "అగో, వచ్చె! చెప్పినట్టే వచ్చె!" అని ఒకరినొకరు పొడుచుకున్నారు. పాముల తల్లి రాకముందు, తెల్ల తెర ముందు నిలబడి ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"తల్లులారా, ఇప్పుడు తల తెగుతది. లేవకుండ్రి. మన రేణుకా ఎల్లమ్మ తల తెగలేదా? కన్నకొడుకే నరకలేదా? తల తెగితె తల్లి సచ్చిందా? తలే కదా మనం గుళ్ళె పెట్టుకొని మొక్కుతున్నం! గీ తల్లి గూడ అంతే. ఆ తలే రేపు ఆ బండ మీద ఆడపిల్లను కాపాడుతది. కూసొని సూడుండ్రి."

నిన్నటి ముసలమ్మ కూడా మళ్ళీ వచ్చింది. తల తెగినప్పుడు కళ్ళు మూసుకుంది, కానీ లేవలేదు. ఆ పిల్లవాడు సంచిలోంచి తల తీసి చూపగానే సముద్రపు భూతం రాయి అయిపోయింది. డేరాలో ఆడవాళ్ళంతా ఎల్లమ్మకు జై కొట్టారు. గ్రీకు దేశంలో ఆమెకు అట్లాంటి జై దొరికి ఉండదు.

బొమ్మ అయిపోయింది. జనం లేవబోయారు. బాపు కట్టె అడ్డం పెట్టాడు. "కూసో రాజా! పేరు వలుకంది పటం సుట్టద్దు!" అన్నాడు. మేనేజరు పేరు పిలిచాడు, ఆయన ఊరు పేరు పిలిచాడు, ఆయన బిడ్డలకు దీవెన పెట్టాడు. విసనకర్ర ఆడించే ఆ పెద్దమనిషి చెయ్యి ఆగిపోయింది. జహంగీర్ భాయ్ పేరు పిలిచాడు. డేరా తాళ్ళు కట్టేవాళ్ళను, బఠానీలు అమ్మేవాణ్ణి కూడా వదల్లేదు. చివర మిషన్ వైపు తిరిగి, "తాళం గొట్టి బొమ్మను ఆపిన నా బిడ్డ, సత్తెమ్మ" అన్నాడు.

ఆ తర్వాత డేరా టాకీసు వచ్చిన ప్రతి ఎండాకాలమూ బాపు అక్కడే ఉన్నాడు. కంకరకు పోలేదు. అది ఎన్నేళ్ళు సాగిందో నేను లెక్కపెట్టలేదు. తర్వాత పక్కా హాలు కట్టారు, రెండు మిషన్లు పెట్టారు, బొమ్మ ఆగడం మానేసింది. అప్పటికి బాపు గొంతు కూడా అలసిపోయింది. ఆయన పోయాక, మా ఆచారం ప్రకారం చిరిగిన ఆ పటాన్ని పెద్ద చెరువు నీళ్ళలో కలిపాం. పేర్లు పిలవడానికి మనిషి లేక, నేనే గుర్తున్నన్ని పేర్లు పిలిచాను. ముందు మా అవ్వ పేరు పిలిచాను.

ఇప్పటి హాలులో ఏ కథకుడూ అక్కర్లేదు. గ్రీకు దేవుళ్ళు చక్కటి తెలుగు మాట్లాడుతున్నారు, కొంచెం కోస్తా యాస ఉంది, అది వేరే సంగతి. కుర్చీ వెనక్కి వాలుతుంది, చెవుల్లో ఉరుములు ఉరుముతాయి. నాకు నచ్చలేదని చెప్పను, మస్తుగా ఉంది. ఆ పాముల తల్లి వచ్చినప్పుడు నా చేతులు వాటంతటవే దండం పెట్టాయి. స్రవంతి నా మోచెయ్యి పట్టి గుంజింది. "అగో, ఎడమ చెవి! ఎడమ చెవి!" అన్నది. నేను చెవి వెతుక్కునేలోపు ఆ పాముల తల్లి తల తిప్పేసుకుంది. ఎనిమిది నెలల పని రెప్పపాటులో పోయింది. మా బాపు గుర్రం పోయినట్టే.

సినిమా అయిపోయింది. లైట్లు వచ్చాయి. జనమంతా ఒక్కసారి లేచి, పాప్‌కార్న్ డబ్బాలు కుర్చీల్లోనే వదిలి, ఫోన్లు చూసుకుంటూ నడిచారు. ఆపడానికి కట్టె పట్టుకున్నవాడు ఎవరూ లేరు. నల్లటి తెర మీద పేర్లు మొదలయ్యాయి. కింది నుంచి పైకి, ఒకదాని కింద ఒకటి, పైకి చుట్టుకుపోతూ. అచ్చం మా బాపు పటం చుట్టినట్టే. నేను నిటారుగా కూర్చున్నాను.

పక్కకు చూస్తే స్రవంతి రెండు చేతులతో ముఖం మూసుకుని ఉంది. "నేను సూడలేను అమ్మమ్మా. నువ్వు సూడు," అన్నది.

నన్ను చూడమంటుంది! నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఈ పిల్లే. తను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, పలక నా ఒళ్ళో పెట్టి, నేను తప్పు రాస్తే నా చెవి మెలిపెట్టేది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా తనే నేర్పింది. బస్సు బోర్డు చదువుకోవడానికి, తన పేరు చదవడానికి. అంతకుమించి నాకు రావు. నేను ఒక్క అక్షరం పోల్చుకునేలోపు ఇరవై పేర్లు పైకి పోతున్నాయి. వాటి వెంట కళ్ళు పరిగెత్తించాను. నీళ్ళు కారాయి తప్ప ఒక్క పేరూ దొరకలేదు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. బొమ్మ వెంట పరిగెత్తకూడదని బాపుకు చెప్పినదాన్ని నేనే కదా. పరిగెత్తడం మానేశాను. తెర మధ్యలో ఒక్క చోట చూపు నిలిపి, బస్సు బోర్డు మీద రోజూ చదివే ఊరి పేరు కోసం కాచుకుని కూర్చున్నాను.

చీపురు పట్టుకుని ఒకావిడ వరుసలు ఊడ్చుకుంటూ మా దగ్గరికి వచ్చింది. "అయిపోయిందమ్మా, లేవుండ్రి," అన్నది.

"జర ఆగు బిడ్డా. పటం ఇంక సుట్టలే," అన్నాను. ఆమెకు ఏమర్థమైందో ఏమో, చీపురు గోడకు ఆనించి తనూ తెర వైపు చూసింది.

హైదరాబాద్ వచ్చింది. దాని కింద పేర్లు గుంపుగా లేచాయి. వాటిలో ఒకటి ఎస్‌తో మొదలైంది. పలక మీద లెక్కలేనన్ని సార్లు దిద్దిన అక్షరాలు, అదే వరుసలో. నేను కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాను. మోకాళ్ళు గుర్తు రాలేదు. బాపు పిలిచినట్టే, కడుపులోంచి గొంతెత్తి, ఖాళీ హాలు నాలుగు మూలలకూ వినిపించేలా పిలిచాను.

"ఎడమ చెవి పక్కన ఏడు పాములు జేసిన నా మనవరాలు, స్రవంతి!"

పిల్ల ఉలిక్కిపడి చేతులు తీసింది. అప్పటికి ఆ గుంపు తెర పైకి పోయి మాయమైంది. ఇంకేవో ఊళ్ళు, ఇంకెవరివో పేర్లు వస్తున్నాయి.

"ఉన్నదా అమ్మమ్మా? నిజంగ ఉన్నదా? సక్కగ సదివినవా?"

"నువ్వు నేర్పినట్టె సదివిన," అన్నాను. "ఇగ కూసో. వీళ్ళ పేర్లు గూడ అయిపోనియ్యి."

స్రవంతి కూర్చుంది. చీపురు ఆవిడ కూడా మా వెనక వరుసలో కూర్చుంది. ఆఖరి పేరు పైకి పోయి తెర నల్లబడేదాకా మేం ముగ్గురం లేవలేదు.